అన్‌డూ ఉంది

విశాఖపట్నంలోని ఆ రికార్డింగ్ గదిలో మిక్సర్ ముందు మనిషి కూర్చోవడం మానేసి రెండేళ్లయింది. ఆ పనంతా సారథిదే. సారథి ఒక ఏఐ ఏజెంట్. సంగీతం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న డెబ్బై టూల్స్‌లో ఏది కావాలో అదే వెతుక్కుని, గదిలోకి వచ్చిన ప్రతి పాటనూ ఎవరూ అడక్కుండానే శుభ్రం చేసిపెడుతుంది. అయితే ఏ టూల్ ఏం చేస్తుందో దానికి పుట్టుకతో తెలియదు. ఎవరో ఒకరు రాసిపెట్టాలి. రాసిపెట్టింది ఆ గదిలో పనిచేసే విశాలి. సారథికి ఉన్న లోకజ్ఞానం మొత్తం ఆమె రాసిన పేజీలే.

ఒక్కో టూల్‌కి ఒక్కో పేజీ. పేరు, చేసే పని, వాడే సందర్భం, అట్టడుగున "అన్‌డూ ఉందా?" అనే గడి. ప్రతి టూల్‌నీ స్వయంగా వాడి చూశాకే ఆ గడి నింపాలని నియమం. విశాలి పన్నెండు టూల్స్ దాకా బుద్ధిగా వాడి చూసింది. పన్నెండింటికీ అన్‌డూ ఉంది. మిగతావాటికి మాత్రం ఎందుకుండదులే అనుకుని, యాభై ఎనిమిది గడుల్లోనూ "ఉంది" అని ఒక్క కాపీ పేస్టుతో నింపేసి టీ తాగడానికి వెళ్లింది. ఆ టీ బాగానే ఉండి ఉంటుంది.

ఆ ఉదయం పదకొండింటికి దాలినాయుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన విజయనగరం వైపు జముకు వాయిస్తూ జముకుల కథ పాడి చెప్పే మనిషి, డెబ్బై ఆరేళ్లవాడు. తన పాత క్యాసెట్ ఒకటి తెచ్చిచ్చాడు. అందులో ఆయన పాడితే భార్య అప్పలకొండ వంత పాడింది. ఆయన వరస ముగించి ఆగగానే చివరి మాటలు అందుకుని మళ్లీ పాడటమే వంత. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. ఆమె గొంతు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. టేపు మీద పూత రాలిపోతోంది, ఒక్కసారి తిరిగిందంటే రెండోసారికి ఏమీ మిగలదు. ఆ ఒక్కసారీ నిన్న కంప్యూటర్‌లోకి ఎక్కించడంతోనే అయిపోయింది.

"ఏటమ్మా ఇది?" అన్నాడాయన హెడ్‌ఫోన్స్ తీసి. "నా గొంతు అద్దంలాగ ఇనబడతంది. మా అప్పలకొండేదీ?"

"ఉంటుంది తాతగారూ, ఇంకొంచెం ముందుకెళితే..."

"మొత్తం ఇన్నానమ్మా. నాను ఆగినకాడల్లా ఊరకే కాళీగా ఉంది."

విశాలి హడావుడిగా సారథి వాడిన పేజీ తెరిచింది. "అన్న మాటే వెంటనే మళ్లీ వినిపిస్తే అది ఎకో. ఈ టూల్ దాన్ని తీసేస్తుంది. అన్‌డూ ఉంది." అక్షరం పొల్లుపోకుండా తన రాతే. సారథి ఆ క్యాసెట్‌లో నూట నలభై చోట్ల ఎకో పట్టుకుంది, నూట నలభై చోట్లా తీసేసింది. అన్‌డూ ఉందన్నారు కదా అని వేరే కాపీ కూడా పెట్టుకోలేదు. విశాలి అన్‌డూ కోసం వెతికింది. ఆ టూల్‌కి అన్‌డూ లేదు.

 ఆమె నిజం చెప్పడానికే నోరు తెరిచింది గానీ బయటికొచ్చిన మాట వేరు.

"మెషీన్ పొరపాటు చేసింది, తాతగారూ."

స్పీకర్‌లోంచి సారథి మెత్తగా అందుకుంది. "క్షమించండి. తప్పు పూర్తిగా నాదే."

ఆ వాక్యమూ విశాలి రాసిందే. ఎవరైనా నొచ్చుకుంటే ఇలా అనాలని ఆఖరి పేజీలో నేర్పి పెట్టింది.

"పోన్లే నాయినా," అన్నాడు దాలినాయుడు స్పీకర్‌ని నెమ్మదిగా తట్టి. "నీకేటి తెలుసు? ఎలా సెప్తే అలా సేస్తావు."

ఆ తట్టడం చూడలేక విశాలి తల దించుకుంది. తన బద్ధకాన్ని, కాదనడం తెలియనిదాని నెత్తిన రుద్దింది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని తను ఎన్నడూ చేయలేదు.

"అది కాదు తాతగారూ. మళ్లీ వినిపించే మాటలన్నీ తీసెయ్యమని దానికి రాసిచ్చింది నేను. తీసినా వెనక్కి తేవచ్చని రాసిందీ నేనే. వాడి చూడకుండానే రాశాను. ఇప్పుడు మీతో అబద్ధం కూడా ఆడాను."

ఆయన హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు. తిడితే బాగుండునని విశాలికి అనిపించింది.

"వంతంటే తెల్దా నీకు?" అన్నాడు.

"తెలీదండీ."

"నన్నో మాట అడగలేకపోనావా?" అని లేచి, "ఆ మైకు కాడికి రా. వంత లేని పాట నాకొద్దు. ఎవురో ఒకరు పలకాల," అన్నాడు.

విశాలి రికార్డింగ్ నొక్కి పక్కన నిలబడింది. ఆయన పాడాడు. "కొండ దిగి వచ్చినాది కోరుకున్న పిల్ల." ఆగి, ఆమె వైపు చూశాడు. విశాలి ఎన్నడూ నలుగురిలో పాడి ఎరగదు. అయినా మైకుకి దగ్గరగా వంగి "కోరుకున్న పిల్ల" అంది. శ్రుతి కలవలేదు, ఏడుపు మాత్రం కలిసింది. ఆయన తలూపి రెండో వరస ఎత్తుకున్నాడు. అలా పదహారు వరసలు పాడారు. ఆఖరి నాలుగింటిలో ఆమె గొంతు కాస్త నిలబడింది కూడా.

"ఏదీ, ఇనిపించు," అన్నాడాయన కళ్లు తుడుచుకుని.

స్పీకర్‌లో ఆయన గొంతు వచ్చి ఆగింది. తర్వాత ఖాళీ. మళ్లీ ఆయన గొంతు, మళ్లీ ఖాళీ. ఆ పేజీ తాను ఇంకా దిద్దనే లేదని విశాలికి అప్పుడు గుర్తొచ్చింది.

"పదహారు చోట్ల ఎకో దొరికింది," అంది సారథి వినయంగా. "తీసేశాను. కావాలంటే అన్‌డూ ఉంది."