నూట నలభై దగ్గర

కార్తీకమాసంలో గుండుగొలను దాటగానే మా ఆయన కారు అద్దాలు దించేసేవారు. కొల్లేరు నీచు వాసన నాకు గిట్టదు. ఆయనకది అత్తరు. ఈసారి ఆటోలో ఒక్కదాన్నే వచ్చాను. సంవత్సరీకం పెట్టి వారం అయింది. ఏడుపు ఇంకా రాలేదు. అసలు ఏమీ రాలేదు.

ఏటా మా పద్ధతి ఒకటే. రెండు చేపల చెరువుల మధ్య గట్టు మీద నిలబడి, బైనాక్యులర్స్‌లో చూస్తూ వలస బాతుల్ని ఒక్కొక్కటిగా పైకి లెక్కపెట్టేదాన్ని. వెనక మా ఆయన అచ్యుతరావుగారు గుప్పెట్లో అంకెల కౌంటర్ నొక్కేవారు. ఒక బాతుకి ఒక టిక్. చూపు పక్కకి పోయిందా, మళ్లీ మొదటికొస్తుంది.

పోయినేడు మధ్యలో "కామూ..." అన్నారు. తిరగకుండానే చెయ్యెత్తి, "ఉండండి, లెక్క తప్పుతుంది" అన్నాను. అన్నీ లెక్కపెట్టి తిరిగేసరికి గట్టు మీద చెప్పులే ఉన్నాయి. టిక్‌లు ఎప్పుడు ఆగాయో కూడా గమనించలేదు. నీళ్లలోంచి తీసినప్పుడు ఆయన పిడికిట్లో కౌంటర్ నూట నలభై దగ్గర ఆగి ఉంది. చితి మీద దాన్ని ఆయన జేబులో నేనే పెట్టాను.

అందుకే వచ్చాను. ఈసారి నూట నలభై దగ్గర ఆగి, వెనక్కి తిరుగుతాను. ఏమీ ఉండదని తెలుసు. అయినా తిరగాలి.

కాపలాకి కొత్తగా వచ్చిన నెల్సన్ చేపలు తినే పిట్టల్ని తోలడానికి డబ్బా కొడుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"లెక్కపెట్టుకోండి అమ్మగారూ. నేను అవతలి గట్టుకి పోతానండీ. ఇక్కడ జారుద్ది, జాగ్రత్తండీ."

పొద్దు వాలింది. నీళ్ల మీద బాతులు కదలకుండా ఉన్నాయి.

"ఒకటి... రెండు... మూడు..."

టిక్.

ఏ పురుగో అనుకున్నాను.

"నాలుగు."

టిక్.

భయపడాలి కదా... నాకు భయం కూడా రాలేదు. లెక్కపెడుతూనే ఉన్నాను. యాభై. టిక్. తొంభై. టిక్. తడి బురద వాసన మెడ దాకా వచ్చింది.

నూట ముప్ఫై దాటాక అవతలి గట్టు నుంచి నెల్సన్ కేక వినిపించింది.

"అమ్మగారూ! మీ వెనకున్నాయన్ని గట్టు మధ్యకి జరగమనండీ! జారిపోతారు!"

ఇంకొంచెమే. నూట ముప్ఫై తొమ్మిది... టిక్.

"నూట నలభై."

టిక్.

"కామూ..."

తిరగాలి. తిరగడానికే కదా వచ్చాను. కానీ నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఉండండి," అంది నా నోరు. "లెక్క తప్పుతుంది."

వెనక నీళ్ల చప్పుడు.

ఎత్తిన నా అరచేతిలో ఏదో చల్లగా, బరువుగా పడింది. కిందికి దించి చూశాను. బురద, మసి పట్టిన కౌంటర్.

అంకె నూట నలభై ఒకటి.

ఆ అంకె నేనింకా అనలేదు. గట్టు మీద లెక్కకి మిగిలింది నేనొక్కదాన్నే.