మెలకువ తరగతి

విశాఖ విమానాశ్రయంలో ఆ ఉదయం కూడా ఎవరూ మాట్లాడుకోవడం లేదు. చలనపథం మీద తెల్లని సుప్తపేటికలు ఒకదాని వెనక ఒకటి సాగిపోతున్నాయి. ఒక్కో పేటికలో ఒక్కో ప్రయాణికుడు. గాజుమూత కింద, చేతులు పొట్టమీద పెట్టుకుని, అందరూ ఒకేలా నిద్రపోతున్నారు. ఇంటికే నర్సు వచ్చి మందిస్తుంది. నిద్రబండి వచ్చి పేటికను ఎక్కించుకుంటుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి పారిస్‌లోనో, సిడ్నీలోనో ఉంటారు. తనిఖీ వరసల్లో కసుర్లు లేవు, చంటిపిల్లల ఏడుపులు లేవు. కాఫీ కొట్లు ఎప్పుడో మూతపడ్డాయి. నిద్రపోయేవాడికి కాఫీ ఎవరమ్ముతారు?

ఆ నిశ్శబ్దంలో చెప్పులు టకటకలాడించుకుంటూ బొడ్డేపల్లి హైమావతి నడిచి వెళ్తోంది. ప్రభుత్వ విమాన సంస్థ వైజయంతిలో పైతరగతి సేవలకు ఆమె అధిపతి. ఇరవయ్యో ఏట పరిచారికగా చేరి ఇంతదాకా వచ్చింది. వైజయంతి విమానాల్లో ఇప్పటికీ కుర్చీలే. పేటికలు కొనే స్తోమత సంస్థకు లేదు. ఏ విమానానికైనా ముందు వరసల్లో కూర్చునే సంపన్నులే అసలు ఆధారం, వాళ్లిచ్చే ధరతోనే వెనక వరసలు కూడా ఎగురుతాయి. ఆ ముందు వరసల వాళ్లందరినీ పేటికలు నడిపే నిమిష ఎయిర్ ఎత్తుకుపోయింది. "రెప్ప వేసి తీయండి, చేరిపోతారు" అన్నది దాని ప్రకటన. అది అబద్ధమని ఎవరూ అనలేకపోయారు.

సంస్థను గట్టెక్కించమని ప్రభుత్వం పంపిన అధికారి ముక్తేశ్వరరావు, హైమావతి తన గదిలో అడుగుపెట్టగానే విషయంలోకి వచ్చేశాడు.

"నిమిష వాళ్లు పాత పేటికలు అద్దెకిస్తామంటున్నారు. మన ముందు భాగాలు వాళ్లే నడుపుతారు. కొన్నాళ్లకు విలీనం. పరువుగా బయటపడే దారి ఇదొక్కటే హైమావతిగారూ."

"వాళ్లు వాడి పారేసినవి తెచ్చుకుని వాళ్లతోనే పోటీ పడతామాండీ?"

"పోటీ అని ఎవరన్నారు? బతకడం గురించి మాట్లాడుతున్నాను."

"నేను బతకడం గురించే చెప్తున్నాను," అందామె. ఇంకా కూర్చోలేదు. "నిద్రపుచ్చడంలో వాళ్లని మనం గెలవలేం. మేలుకోబెట్టడంలో గెలుద్దాం. ముందు భాగంలో మెలకువ తరగతి పెడదాం. పెద్ద కిటికీలు, అప్పటికప్పుడు వండిన భోజనం, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి. నిమిష కన్నా ఎక్కువ ధర పెడదాం."

ముక్తేశ్వరరావు నవ్వబోయి ఆగాడు. ఆమె ముఖంలో పరిహాసం లేదు.

"మెలకువగా ఉన్నందుకు జనం డబ్బులిస్తారా? ప్రయాణం అంటే విసుగు. ఆ విసుగు పోగొట్టడానికే కదా ఇంత విజ్ఞానం పుట్టింది."

"పోగొట్టాల్సింది విసుగు. వాళ్లు ప్రయాణాన్నే తీసేశారు. నాకు ఒక్క విమానం ఇవ్వండి. చేతకాకపోతే మీ కాగితాల మీద సాక్షి సంతకం నేనే పెడతాను."

ఆయన చివరికి విశాఖ–లిస్బన్ దారిలో ఒక్క విమానం, దసరా వరకు, అని ఒప్పుకున్నాడు.

*

మొదట్లో అంతా నవ్వులపాలైంది. "మేలుకునే శిక్షకు రెట్టింపు ధర" అని వార్తల్లో ఆడుకున్నారు. ముందు భాగంలో వేసిన కుర్చీల్లో ముప్పాతిక ఖాళీగానే పోయేవి. వచ్చినవాళ్లలోనూ కొందరు పెసరట్టు బాగుందని, మరికొందరు మోకాళ్లు పట్టేశాయని చెప్పి దిగిపోయారు. పరిచారికలు ఒక్కొక్కరే నిమిషకు వెళ్లిపోయారు. అక్కడ పని సుఖం, నిద్రపోయేవాళ్లు ఏమీ అడగరు. మిగిలింది సన్యాసినాయుడు. భీమిలివాడు, హైమావతితో కలిసి కొలువులో చేరినవాడు.

"నువ్వూ ఎల్లిపోవచ్చు కదేటి నాయుడూ?" అని ఆమె ఒకరోజు అడిగేసింది.

"ఎల్లొచ్చు మేడమ్. పెట్టెలు తుడుసుకుంటా కూకోడం నా వల్ల కాదు. మనిసితో మాటాడాలి నాకు."

మర్నాటి నుంచి ఆమె కూడా పాత యూనిఫాం చీర కట్టి విమానం ఎక్కింది. అధిపతి ట్రేలు మోయడమేమిటని కార్యాలయంలో గుసగుసలు పోయారు. ఆమె పట్టించుకోలేదు.

వానాకాలం చివర్లో కపర్ది అనే పెద్దమనిషి ఎక్కాడు. ఓడరేవులకు క్రేన్లు తయారుచేసే కంపెనీ ఆయనది. లిస్బన్‌లో ఉంటున్న చెల్లెలు ఆ ఉదయమే చనిపోయిందని కబురొచ్చింది. సుప్తపేటికలో పడుకోవాలంటే ముందురోజు నుంచి కడుపు ఖాళీగా ఉండాలి. ఆయన అప్పటికే ఫలహారం చేశాడు. నిమిష వాళ్లు రేపు రమ్మన్నారు. అందుకని, వేరే దారిలేక, ఈ విమానం.

కూర్చుంటూనే అన్నాడు: "నాకు మీ కిటికీలు వద్దు, భోజనం వద్దు. నిద్రమాత్ర ఉంటే ఇవ్వండి."

"ఉందండి, ఇస్తాను," అంది హైమావతి. "విమానం పైకి లేచాక కూడా కావాలనిపిస్తే నన్ను పిలవండి."

ఆయన పిలవలేదు. చాలాసేపటికి సన్యాసినాయుడు వెనక్కి వచ్చాడు. "ఆయనేటో కళ్లు మూసుకున్నాడు గానీ నిద్దరోట్లేదు మేడమ్. చెంపలు తడిసిపోతన్నాయి."

హైమావతి వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చుంది. కింద ఎడారి, ఎర్రగా, అంతులేకుండా ఉంది. ఆయన కళ్లు తెరవకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నా భార్య సింగపూర్ ఆసుపత్రిలో పోయింది. ముందురోజు నుంచీ బెంగతో ఏమీ తినలేదు, కబురు వినగానే పేటిక పిలిపించాను. హాల్లో సోఫా పక్కన పడుకున్నాను. లేచేసరికి ఆమె ముఖం నా ఎదురుగా ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఒక్క ఆలోచన కూడా లేదు. ఆరేళ్లయిందండీ. ఇప్పటికీ ఆ హాల్లోకి వెళితే ఆమె బతికే ఉన్నట్టుంటుంది. నేను వదిలి వచ్చిన ఇంట్లో ఆమె పోలేదు కదా! పోయింది ఇంకెక్కడో. ఈ రెంటికీ మధ్య దారి నాకు దొరకలేదు."

హైమావతి ఆయన ముందున్న బల్ల మీద మంచినీళ్లు పెట్టింది.

"తన అస్థికలు అక్కడే సముద్రంలో కలపాలని చెల్లెలి కోరికట. ఆ పోర్చుగీసు మనిషిని చేసుకున్నందుకు నేను మాట్లాడటం మానేశాను. ఇప్పుడు వెళ్లి శవాన్ని తీసుకొచ్చి మన పద్ధతిలో చేయిస్తానని పొద్దున బయల్దేరాను." ఆయన కళ్లు తెరిచి కిందికి చూశాడు. "ఇదేం సముద్రం?"

"మధ్యధరా సముద్రమండి."

"పొద్దున ఉన్నంత కోపం ఇప్పుడు లేదు," అన్నాడాయన, తనలో తాను అనుకున్నట్టు. విమానం దిగేలోగా బావగారికి ఫోన్ కలపమని అడిగాడు. చెల్లెలు కోరుకున్నట్టే కానివ్వమని చెప్పడానికి ఆయనకు నాలుగు మాటలు కూడా పట్టలేదు. ఆ తర్వాత పెసరట్టు అడిగి తిన్నాడు.

హైమావతికి ఆ రోజు ఒక సంగతి తెలిసొచ్చింది. తాను అమ్మాలనుకున్నవి కిటికీలు, భోజనాలు. జనానికి అవసరమైనవి అవి కావు. బయల్దేరిన మనిషి, చేరే మనిషి ఒకరు కారు. వీళ్లలో ఒకరు మరొకరుగా మారడానికి కొంత వ్యవధి కావాలి. పేటికలో ఎవరూ మనసు మార్చుకోలేరు.

కపర్ది తిరుగు ప్రయాణం కూడా అందులోనే చేశాడు. ఆయన చెప్పగా కొందరు వచ్చారు. విడాకులకు వెళ్లేవాళ్లు, చావులకు వెళ్లేవాళ్లు, తొలిసారి మనవణ్ని చూడబోయేవాళ్లు. కుర్చీలు సగం నిండాయి. కానీ దసరా వచ్చేసింది.

*

సంతకాల రోజు మధ్యాహ్నం. మెలకువ తరగతి విమానం ఖాళీగా చెన్నై వెళ్లాలి. అక్కడ కుర్చీలు పీకి పేటికలు బిగిస్తారు. పైన సమావేశ మందిరంలో నిమిష ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు. హైమావతి మెట్లెక్కబోతుంటే ఆగమన మందిరంలోంచి కేకలు వినిపించాయి. అక్కడ కేకలు వినిపించి ఎన్నేళ్లయిందో.

పెర్త్ నుంచి వచ్చిన నిమిష పేటికలు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాంట్లో ఒకామె పడుకునే ఉంది. పూర్తిగా మెలకువగానే ఉంది. చుట్టూ వైద్యులు, నర్సులు. ఆమె పేరు దీవెన. పెర్త్‌లో ఓడల ఇంజనీరు. భర్త ఇమ్మానుయేలు విశాఖ రేవులో పైలట్. పెద్ద ఓడల్ని దగ్గరుండి రేవులోకి తెచ్చేవాడు. ముందురోజు ఓడ ఎక్కుతూ నిచ్చెన మీంచి జారి సముద్రంలో పడి చనిపోయాడు. సమాధి కార్యక్రమం ఆ సాయంత్రమే.

ఆమె మరిది యోనా పేటిక పక్కన మోకాళ్ల మీద కూర్చుని బతిమాలుతున్నాడు. "లెగు వదినా. అందరూ చర్చిలో నీకోసమే చూస్తన్నారు."

"నేనింకా రాలేదు యోనా," అందామె. గొంతులో ఏడుపు లేదు. చాలా మామూలుగా, ఫోన్‌లో చెబుతున్నట్టుగా అంది. "వచ్చాక చెప్తాను."

"నాడి, రక్తపోటు, మెదడు తరంగాలు అన్నీ బాగున్నాయి. ఇలా ఎప్పుడూ జరగలేదు," అంటున్నాడు నిమిష వైద్యుడు. ఆ మాటే మళ్లీ మళ్లీ అంటున్నాడు.

హైమావతి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, విమానం ఉంది. వస్తావా? ఈసారి మేలుకునే వద్దాం."

దీవెన ఆమెవైపు చూసింది. లేచి కూర్చుంది.

విషయం తెలిసి ముక్తేశ్వరరావు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి హైమావతి, దీవెన, యోనా విమానం దగ్గరికి చేరుకున్నారు. కొత్త దారికి కంట్రోల్ టవర్ అనుమతి కోసం కెప్టెన్ మాట్లాడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు మీరు? ఆ విమానం నిమిష వాళ్లది!"

"సంతకం పడేదాకా వైజయంతిదే."

"ఆపమని నేను రాతపూర్వకంగా ఆదేశిస్తాను. మీ ఉద్యోగం పోతుంది."

"రాయండి సార్," అంది హైమావతి, మెట్టు మీద నిలబడి. "మీరు రాసేలోపు మేం తిరిగొచ్చేస్తాం."

అనుమతి వచ్చింది. ఆయన కలం తీయలేదు. తలుపు మూసుకుంది.

విమానం తూర్పుగా, సముద్రం మీదికి చాలా దూరం వెళ్లింది. దీవెన కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. సన్యాసినాయుడు టీ తెచ్చి పెట్టి, ఆమె వెనక వరసలో కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. విమానం తిరిగి తీరం వైపు మళ్లాక, యారాడ కొండ నీలంగా కనిపించడం మొదలైంది. రేవు బయట ఓడలు లంగరేసి వరసగా ఆగి ఉన్నాయి.

"అవన్నీ ఎందుకు ఆగిపోయాయి?" అని అడిగింది దీవెన.

హైమావతి యోనా వైపు చూసింది. అతను తల దించుకుని చెప్పాడు. "అన్నయ్య కోసం వదినా. ఇవాళ రేవులో పైలట్లెవరూ పడవెక్కలేదు."

ఆమె ఆ ఓడల్ని ఒక్కొక్కటిగా చూసింది. "ఆయన లేడు కదూ," అంది. అప్పుడు గుండెలు పగిలేలా ఏడ్చింది. కెప్టెన్‌కి ఎవరూ చెప్పకపోయినా కొండ చుట్టూ ఇంకో చుట్టు తిప్పి, తొందర లేకుండా దించాడు.

కింద చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. దీవెన దాన్ని పక్కకు నెట్టి, యోనా భుజం పట్టుకుని నడిచి వెళ్లింది. మధ్యలో ఒకసారి ఆగి ముక్కు తుడుచుకుంది. మళ్లీ నడిచింది.

ముక్తేశ్వరరావు ఇంకా అక్కడే ఎండలో నిలబడి ఉన్నాడు. టై వదులైపోయింది. చేతిలో కాగితాల్లేవు.

"మీరు వెళ్లాక," అన్నాడాయన నెమ్మదిగా, "ఆవిడ పక్క పేటికల్లో వాళ్లు కూడా లేవడం లేదు. ఆవిడ మాట విన్నారు. ఒకాయన కూతురి పెళ్లికి వచ్చాడట. తానింకా రాలేదంటున్నాడు. వీళ్లని చూసి తర్వాతి విమానంలో వచ్చినవాళ్లూ అంతే. నిమిష వాళ్లు పైన ఎవరెవరికో ఫోన్లు చేసుకుంటున్నారు."

హైమావతి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తప్పించలేదు.

"ఈ విమానంలో ఎంతమంది పడతారు?" అని అడిగాడు.

ఆమె విమానం వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"నాయుడూ, మంచినీళ్లు ఎక్కించు. మళ్లీ ఎళ్దాం."