ఇరవై మిషన్లకు ఒక్క లైసెన్సు

రోజూ ఎనిమిదింటికి కింది గది తాళం తీసి కీబోర్డులు తుడవడం టైపు మాస్టారికి అలవాటు. ముప్ఫై ఏళ్లు ఆయన టైపు నేర్పిన గది అది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా వీధిలో ఆయనకి ఆ పేరే నిలిచింది. ఉద్యోగం పోయాక ఆరు నెలలు గుమ్మం దాటని కొడుకు ఈ మధ్యే ఆ గదికి మళ్లీ ప్రాణం పోశాడు. మూలన ఒక పెద్ద కంప్యూటర్ మిషన్ పెట్టి, దాని లోపలే ఇరవై వర్చువల్ మిషన్లు, అంటే విడి పెట్టెలు లేని కంప్యూటర్లు, నడిచేలా చేశాడు. బల్లల మీద తెర, కీబోర్డు ఉంటే చాలు. పనంతా మూలనున్నదే చేస్తుంది. సోమవారం నుంచి తరగతులు.

ఆ ఉదయం కోడలు కాఫీ గ్లాసుతో కిందికి దిగింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. వెళ్లే ముందు అన్నీ ఒకసారి సరిచూద్దామని కూర్చుంది. ఐదు నిమిషాలకే మొహం మారిపోయింది.

"ఏవండీ, ఇలా రండి. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సులు ఎక్కడ కొన్నారు?"

"ఆన్‌లైన్లో. చవగ్గా వచ్చాయి," అన్నాడు కొడుకు తలెత్తకుండా.

"చవక కాదండీ, దొంగసొమ్ము! ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం కొనుక్కున్నవి ఎవడో కాజేసి అమ్ముతున్నాడు."

"నడుస్తున్నాయిగా?"

"రేపు పరీక్ష మధ్యలో ఆగిపోతే? నేర్చుకోడానికొచ్చినవాళ్లకి ఏం చెప్తారు?"

"అసలువి ఇరవై కొనాలంటే ఇల్లమ్ముకోవాలి. పని మొదలెట్టకముందే ఎందుకా అపశకునం మాటలు?"

"మీ సంగతి సరే, మామయ్య పేరేం కావాలి? పాపం ఆయనకి ఇవన్నీ ఏం తెలుసు! ఆయన మంచితనాన్ని అడ్డం పెట్టుకుని ఈ పనేంటి?"

కొడుకు తండ్రి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"తప్పు నాదే. సరేనా?"

మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. వారం కిందట ఆ ధర చూసి, "ఇదేదో తేడాగా ఉంది నాన్నా" అన్నవాడు కొడుకే. "అందరూ వాడేవే కదరా, ఎవరు చూడొచ్చారు, కొనెయ్" అన్నది తను. వాడు మళ్లీ తలుపేసుకుని కూర్చుంటాడేమోనన్న భయంతో అన్నాడు. పక్కవాడి కాగితంలోకి తొంగిచూసినందుకు ఎందరినో ఇదే గదిలోంచి బయటికి పంపిన మనిషి! ఇప్పుడు తన మాటని కొడుకు మోస్తుంటే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"వాణ్ణి అనకమ్మా," అన్నాడు. "వాడొద్దన్నాడు. కొనమన్నది నేను."

ఆమె ఏమంటుందోనని మాస్టారు తలవంచుకున్నాడు. కోడలు కుర్చీ లాగి, "కూర్చోండి మామయ్యా" అంది. ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు చెప్పింది.

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన కంపెనీ లైసెన్సు ఒప్పందం నలభై పేజీలు. అవి మనుషులు చదవడానికి రాసినవి కావని మాస్టారి అభిప్రాయం. ఆమె మాత్రం బియ్యంలో రాళ్లేరినట్టు చదివింది. అర్థంకాని చోట కంపెనీవాళ్లకే ఫోన్ చేసి, రెండోసారి, మూడోసారి అడిగింది. విసుగు లేదు, బెరుకు లేదు. ఇంత పట్టుదల ఈ పిల్లలో ఉందని నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి గమనించనందుకు మాస్టారు తనని తానే తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె పెన్ను మూసింది.

"మనం కొనాల్సింది ఇరవై కాదండీ. మూలనున్న మిషన్ మొత్తానికి ఒక్క లైసెన్సు తీసుకుంటే, లోపల ఎన్ని వర్చువల్ మిషన్లు నడిపినా ఫరవాలేదు. శిక్షణ కేంద్రాలకి రాయితీ కూడా ఉందిట. రెండు నెలల ఫీజులతో ఖర్చు తీరిపోతుంది."

కొడుకు ఆమె పక్కన చతికిలబడ్డాడు. "ఇరవై అనే అనుకుని గుండె జారిపోయింది నాకు. నిన్నడగాల్సింది. సిగ్గుపడ్డాను."

"నాకూ చెప్పుకోరా సిగ్గొస్తే?" అంది, అతని చెయ్యి పట్టుకుని. "కానీ అనుమతి రావడానికి పది రోజులు పడుతుంది. సోమవారం కుదరదు."

మాస్టారు ఫోన్ అందుకున్నాడు. సోమవారం చేరాల్సిన ఇరవై మందికీ తనే చేశాడు. మిషన్ పాడైందనో, ఒంట్లో బాగోలేదనో అనలేదు. "తప్పుడు లైసెన్సులు కొన్నాం. కొనమన్నది నేనే. సరైనది వచ్చాకే మొదలెడతాం" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఇద్దరు మానేస్తామన్నారు. మిగతావాళ్లు ఆగుతామన్నారు.

ఫోన్ పెట్టి తలెత్తేసరికి కోడలు కళ్లు తుడుచుకుంటోంది.

"ఎందుకమ్మా?"

"ఏం లేదు మామయ్యా. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పేశారు."

మాస్టారికి ఎదురుగా ఉన్న తెరలన్నీ మసకబారాయి.

"నీ ముందు చెప్పడమే కష్టమైంది తల్లీ," అన్నాడు. "ఆ తర్వాత ఇరవై మంది ఒక లెక్కా!"