చేటలవ్వ ముఖం

ఆ పొద్దున కూడా రామబ్రహ్మం వరండాలో చాప పరిచి, బొమ్మలు వేసుకునే బల్ల ముందుకు లాక్కుని, సిరాబుడ్డి మూత తీశాడు. గడప పక్కన తల్లి సీతారావమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. కళ్ళకి శుక్లాలు కమ్మి ఎండకీ నీడకీ తేడా తప్ప ఇంకేమీ ఆనకపోయినా, రాయి ఏదో గింజ ఏదో ఆవిడ వేళ్ళకి తెలుసు.

"అమ్మా, మెడ కాస్త ఇటు తిప్పు."

ఆవిడ తిప్పింది.

"అట్లా కాదు. ఎవరిమీదో ఒళ్ళు మండినట్టు చూడాలి. పళ్ళు కొరుకు. ఆఁ... అంతే, కదలకు."

"ఉన్న నాలుగు పళ్ళూ కొరికితే ఊడి ఒళ్ళో పడతాయిరా," అని నవ్వింది సీతారావమ్మ. "ఎందాకా వచ్చింది నా బొమ్మ?"

"అవుతోందమ్మా."

"ఏళ్ళ తరబడి అవుతూనే ఉంది. మీ నాన్న ఫొటో పక్కన మేకు ఎప్పుడో కొట్టించాను. నేనుండగా తగిలిస్తావా, పోయాక తగిలిస్తావా?"

"మంచి బొమ్మకి టైము పడుతుందమ్మా," అన్నాడు రామబ్రహ్మం, నిబ్బు విదిలిస్తూ.

వంటింట్లో గిన్నె ఒకటి దభీమని కిందపడింది. పడిందో, పడేశారో. రామబ్రహ్మం భార్య మీనాక్షికి మాటలు మింగడం చేతకాదు, అత్తగారి ముందు కక్కడమూ చేతకాదు. ఆ బాధంతా గిన్నెల మీద తీరుతుంది.

అసలు సంగతి తెనాలి గంగానమ్మపేటలో తెలియనివాళ్ళు లేరు, ఒక్క సీతారావమ్మకి తప్ప. రామబ్రహ్మం ఒకప్పుడు నాటకాల కంపెనీలకి తెరలు వేసేవాడు. రాజదర్బారు, అడవి, వీధి, ఏది కావాలంటే అది. నాటకాలు తగ్గి, జనం సినిమా హాళ్ళకీ టీవీలకీ అతుక్కుపోయాక చేతిలో కుంచె తప్ప పని మిగల్లేదు. అప్పుడు ప్రెస్సు లాజరుగారు పిల్లల కోసం 'గువ్వలబండి' అని ఒక మాసపత్రిక పెట్టి, అందులో బొమ్మల కథ వెయ్యమన్నాడు. పేజీకి ఆరు గళ్ళు, గడికో బొమ్మ, బొమ్మ నెత్తిన మాటల బుడగ. కథలో ఒక రాకుమారుడున్నాడు గానీ వాడి పేరు ఏ పిల్లలకీ గుర్తుండదు. పిల్లలంతా ఎదురుచూసేది చేటలవ్వ కోసం. సందెవేళ చేట మీద కూర్చుని ఎగిరొచ్చే మంత్రగత్తె ఆవిడ. పొడుగు ముక్కు, లోపలికి పోయిన బుగ్గలు, నాలుగే నాలుగు పళ్ళు, గడ్డం మీద వెంట్రుకలు మొలిచిన పుట్టుమచ్చ. రేపల్లె నుంచి బాపట్ల దాకా ఏ పుస్తకాల కొట్లో అడిగినా చేటలవ్వ పుస్తకం అంటే తీసిచ్చేవారు.

ఆ ముఖం సీతారావమ్మది.

మొదటిరోజు ముఖం కుదరక తంటాలు పడుతుంటే ఎదురుగా చేటతో అమ్మ కనబడింది. కాస్త కోపంగా చూడమన్నాడు. "నా బొమ్మ వేస్తున్నావట్రా?" అని ఆవిడ పొంగిపోయి అడిగింది. "ఊఁ," అన్నాడు. ఊఁ అనడానికి పెద్ద కష్టమేముంది? ఆ తర్వాత ప్రతి నెలా ఆ ఊఁ అనాల్సి వచ్చింది.

ఆవిడ మాత్రం కొడుకు తన బొమ్మ వేస్తున్నాడని ఊరంతా చెప్పుకుంది. వీధిలో పిల్లలు "చేటలవ్వా!" అని అరిస్తే, పొద్దస్తమానం చేటతో కూర్చుంటాను కదా, అందుకని ముద్దుగా పిలుస్తున్నారనుకుని పిలిచి బెల్లంముక్క పెట్టింది. పక్కింటివాళ్ళు నవ్వాపుకున్నారే గానీ నోరు విప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు.

ఆ రోజు చేట ఇంకా పక్కన పెట్టకముందే రిక్షా దిగింది రామబ్రహ్మం అక్కయ్య బాలాత్రిపురసుందరి. బాపట్ల నుంచి పొద్దున బండికి వచ్చింది. చేతిసంచీ గుమ్మంలో పెట్టి, చెప్పులు విడవకుండానే అందుకుంది.

"ఒరే తమ్ముడూ, అమ్మని తీసుకెళ్తున్నాను. మా ఊళ్ళో కళ్ళ డాక్టరుగారితో మాట్లాడాను. ఎల్లుండి ఆపరేషను."

"ఇప్పుడా? ప్రత్యేక సంచిక పని నెత్తిమీదుంది అక్కయ్యా. అది కాగానే నేనే తీసుకొస్తానులే."

"కిందటేడు ఎండలు తగ్గనీ అన్నావు. తగ్గాయి. వానలు వెళ్ళనీ అన్నావు. వెళ్ళాయి. ఇప్పుడు సంచికా? నీ సంచికలు ఎప్పటికి అయ్యేను, అమ్మ కళ్ళు ఎప్పటికి తెరుచుకునేను?"

"ఈ వయసులో ఆపరేషనంటే మాటలా? ఏదన్నా అయితే?"

వంటింటి గుమ్మంలోకి వచ్చింది మీనాక్షి. చేతిలో ఈసారి గిన్నె లేదు.

"ఏమీ కాదు వదినగారూ, తీసుకెళ్ళండి. ఈయన భయం ఆపరేషను గురించి కాదు. కళ్ళొస్తే ఆవిడ ఏం చూస్తుందోనని."

"మీనాక్షీ!"

"అరవకండి. లేదని చెప్పండి, ఇప్పుడే నోరు మూసుకుంటాను."

రామబ్రహ్మం లేదనలేదు. సుందరి తమ్ముడి వంకా, బల్లమీద ఆరుతున్న బొమ్మ వంకా చూసి ముఖం తిప్పుకుంది. ఆ పత్రికని ఆవిడ తన ఇంటి గడప తొక్కనిచ్చేది కాదు. గడప పక్కన సీతారావమ్మ మాత్రం, ఏంటర్రా ఈ గోల అనుకుంటూ చీరకుచ్చిళ్ళు దులుపుకుని లేచింది.

"నేను వెళ్ళొస్తానురా. తిరిగొచ్చేసరికి బొమ్మ పూర్తిచెయ్యి. నా కళ్ళతో నేనే చూసుకుంటాను."

*

ఆపరేషను బాగానే జరిగింది. కట్లు విప్పారు, కొన్ని వారాలకి సోడాబుడ్డి కళ్ళజోడు ఇచ్చారు. తల్లి లేని వరండాలో రామబ్రహ్మానికి చేయి ఆడదనుకుంటే, ఎంచక్కా ఆడింది. ఇంక అమ్మని చూడాల్సిన అవసరం కూడా లేకుండా ఆ ముఖం చేతికి వచ్చేసింది. అందుకు తనని తాను మెచ్చుకున్నాడు కూడా.

ఒకరోజు ప్రెస్సుకి ఫోను వచ్చింది. లాజరుగారు పిలిచి రిసీవరు చేతికిచ్చాడు.

"అమ్మ చూసిందిరా," అంది సుందరి. "కొత్త జోడుతో బజారు చూస్తానంటే తీసుకెళ్ళాను. పుస్తకాల కొట్టు దగ్గర ఒక పిల్ల అమ్మని చూసి 'అదిగో చేటలవ్వ' అంది. 'నా చేతిలో చేట లేదు కదే, ఈ ఊరి పిల్లలకి ఎట్లా తెలుసు?' అని అమ్మ అడిగింది. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నావు? పుస్తకం విప్పి, 'ఇది నువ్వే కదా అవ్వా' అని చూపించింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. అక్కడే నిలబడి పేజీలన్నీ తిరగేసింది. ఇంక తెనాలి రానంటోంది."

ఆ రాత్రి అన్నం సహించలేదు రామబ్రహ్మానికి. పాపం పోవాలంటే చేటలవ్వ పోవాలి, అంతే అనుకున్నాడు. తెల్లవారి కూర్చుని మధ్యాహ్నానికి ఆఖరి పేజీ గీసేశాడు. లాజరుగారు లబోదిబోమన్నాడు.

"ఏంటయ్యా ఇది? ఆవిణ్ణి చంపితే పత్రిక కొనేదెవడు? పిల్లలు ఏడుస్తారు."

"ఏడవనివ్వండి సార్. మా అమ్మకి మాటివ్వాలి."

ఆ పేజీ అట్టల మధ్య పెట్టుకుని మర్నాడు పొద్దున బండెక్కాడు. ఇంత త్యాగం చేస్తున్నందుకు గుండె బరువుగానూ ఉంది, ఒక మూల కాస్త గర్వంగానూ ఉంది.

*

బాపట్లలో సుందరి ఇంటి పెరటి అరుగు మీద కూర్చుని ఉంది సీతారావమ్మ. జోడు వెనకాల కళ్ళు ఇంతింత పెద్దవిగా కనబడుతున్నాయి. కొడుకు ఎదురుగా నిలబడితే కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి రామబ్రహ్మం తలవంచుకున్నాడు.

"జుట్టు నెరిసిందే నీకు," అంది ఆవిడ మెల్లగా. "ఎవరూ చెప్పలేదు నాకు. నేనింకా నల్లజుట్టే అనుకుంటున్నాను."

తిడుతుందని సిద్ధపడి వచ్చినవాడికి ఆ మాట మింగుడుపడలేదు. గబగబా అట్టలు విప్పాడు.

"అమ్మా, తప్పయిపోయింది. ఇంక ఆ చేటలవ్వ ఉండదు. ఇదిగో చూడు, కథలోంచి తీసేశాను."

సీతారావమ్మ పేజీ ఒళ్ళో పెట్టుకుంది. మొదటి గడిలో రాకుమారుడు కత్తి దూశాడు. రెండో గడిలో చేట విరిగింది. ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళి ఆఖరిదాని మీద ఆపింది. ఆ గడిలో తెగిపడిన తల ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

"నా తల నరికి తెచ్చి నాకే చూపిస్తున్నావట్రా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో రామబ్రహ్మానికి అప్పుడు తెలిసింది. వంగి పేజీ వంక చూశాడు. పొద్దుటి నుంచీ ఆ పేజీ మోసుకొచ్చాడు, రైల్లో నాలుగుసార్లు విప్పి మురిసిపోయాడు. ఆ తల ఎవరిదో మాత్రం చూడలేదు.

"నాకు అది తోచనే లేదమ్మా," అన్నాడు.

"తోచదు. నీకు ఆవిడే గుర్తుంది గానీ నేను లేను." పేజీ తిరిగి ఇచ్చేసింది. "కాగితముందా? ఉంటే కూర్చో. చాలా ఏళ్ళు కూర్చోబెట్టావు కదా. ఇవాళ నేనే కూర్చుంటాను. నా బొమ్మ వెయ్యి."

సుందరి తన కూతురి లెక్కల పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి తెచ్చింది. సీతారావమ్మ పమిట సర్దుకుని, జోడు తీసి పక్కన పెట్టి, నిటారుగా కూర్చుంది. మెడ తిప్పమని ఎవరూ చెప్పలేదు. పళ్ళు కొరకమనీ చెప్పలేదు. రామబ్రహ్మం పెన్సిలు ఆనించాడు.

ముక్కు కొస కొక్కెంలా వంగింది. రబ్బరుతో తుడిచాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ వంగింది. కళ్ళు వేస్తే గుడ్లురిమాయి. నోరు వేస్తే కొరకడానికి వచ్చినట్టుంది. తుడిచిన చోట కాగితం పీచు లేచింది. చెమట తుడుచుకుంటూ బుగ్గలు సరిచేసి, గడ్డం గీసి, అలవాటు ప్రకారం దాని మీద చుక్క పెట్టాడు.

వెనక నిలబడి చూస్తున్న సుందరి వంగింది.

"ఇదేంట్రా?"

"పుట్టుమచ్చ."

"అమ్మకి పుట్టుమచ్చ ఎక్కడుందిరా?"

రామబ్రహ్మం తలెత్తాడు. తల్లి గడ్డం నున్నగా ఉంది. ముడతలున్నాయి, మచ్చ లేదు. ఎప్పుడూ లేదు. చేటలవ్వ భయంకరంగా ఉండాలని తనే పెట్టిన మచ్చ అది. పెట్టి పెట్టి, అమ్మకి ఉందనే నమ్మాడు. ముక్కు కూడా అంత పొడుగు కాదు. కింది పెదవి కాస్త పక్కకి ఒరిగి, నవ్వు ఎప్పుడూ అక్కడే ఆగి ఉన్నట్టుంది. తన పళ్ళెంలో అన్నం వడ్డించిన మనిషి, తన ఎదురుగానే కూర్చున్న మనిషి, ఈవిణ్ణి తను ఇదే మొదటిసారి చూస్తున్నాడు. పెన్సిలు చేతిలోంచి జారి అరుగు కిందికి దొర్లింది.

"రావడం లేదమ్మా," అన్నాడు. "నాకు రావడం లేదు."

సీతారావమ్మ కాగితం అడగలేదు. జోడు పెట్టుకుని లేచి, సంచీలో చీరలు సర్దుకుంది.

"అమ్మా, వెళ్తావేంటి? ఇక్కడే ఉండు," అని సుందరి చెయ్యి పట్టుకుంది.

"నాలుగు రోజులుంటే చుట్టం, ఆ పైన బరువు. వాడి దగ్గర ఉండటం నాకు అలవాటైన కష్టం. పదరా, బండి వేళవుతోంది."

దారంతా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. నిడుబ్రోలు దాటాక ఏపుగా పెరిగిన వరిచేలు కనబడితే, "ఇంత పచ్చగా ఉంటాయని మర్చేపోయాను," అంది, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు పొద్దున రామబ్రహ్మం బల్ల దగ్గర కూర్చున్నాడు. చేటలవ్వని బతికించి తీరాలని లాజరుగారు కబురు పెట్టాడు. ఇంకో ముఖం పెడితే పిల్లలు ఒప్పుకోరు. ఇంకో పని రామబ్రహ్మానికి చేతకాదు. తెల్లకాగితం ముందు పెట్టుకుని నిబ్బు సిరాలో ముంచాడే గానీ గీత పడలేదు. మీనాక్షి కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

గడప పక్కన చేట చప్పుడైంది. సీతారావమ్మ వచ్చి తన చోట్లో తను కూర్చుంది. బియ్యం రెండుసార్లు చెరిగింది. కొడుకు గియ్యకుండా కూర్చున్నాడని చూసింది. ఇప్పుడు చూడగలదు కదా. చేట పక్కన పెట్టింది. జోడు తీసింది. మెడ కాస్త అటు తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, ఉన్న నాలుగు పళ్ళూ కొరికింది.

"ఇట్టాగేనా?" అంది.

రామబ్రహ్మం రెండు చేతులతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నిబ్బు కాగితం మీద దొర్లింది. ఆవిడ మెడ ఇంకా తిప్పే ఉంది. పళ్ళ మీది పెదవి మాత్రం మెల్లగా కిందికి దిగింది. కాసేపటికి జోడు పెట్టుకుని, చెయ్యి చాచి, తడుముకోకుండా, సిరాబుడ్డి మూత తీసుకుని బిగించింది.

"చాల్లే, ఏడవకు. ముందు కాఫీ తాగు. చల్లారిపోతోంది."