కాటా గదిలో పేర్లు

కోటబొమ్మాళి స్టేషను దాటాక, పట్టాల పక్కన మూతబడ్డ రైసుమిల్లు ఒకటి ఉంది. దాని కాటా గది వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. ఓసారి వెళ్ళిన కుక్క పిల్లిలా అరుచుకుంటూ తిరిగొచ్చింది. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి. ఒకటి శుక్లాలతో ఎలాగూ పోయిందనుకోండి.

ఆ గదిలో వెనకటికి జగన్నాధం అనే కాటాదారు ఉండేవాడు. బస్తా తూచడం, తెచ్చిన రైతు పేరు పుస్తకంలో రాయడం, అదే వాడి పని. ఒక రాత్రి పట్టాలు దాటుతూ రైలు కింద పడి పోయాడు. ఆనాటినుంచి గదిలో పెన్ను గీకిన చప్పుడు... పేర్లు చదువుతున్న గొణుగుడు... భయపడి పట్టాల వైపు కిటికీకి మేకులు కొట్టేశారు. ఎన్ని మేకులంటారా? ఓ బస్తాడు!

రెండువేల పద్దెనిమిదిలో కేబుల్ నెట్టు యజమాని ఒకడు, ఇంకెవరూ అద్దెకి దిగని ఆ గదిలోనే రౌటరు పెట్టాడు. రౌటరంటే నెట్టు పంచే పెట్టె. పైన డాబా మీద యాంటెన్నా, మా స్టేషను వీధి మొత్తానికి వైఫై. పెట్టె బాగోగులు చూసేది మా అక్క కొడుకు గంగరాజు. నలభై దాటినవాడు, బట్టతల, ఉత్త పిరికివాడు. ఇదంతా వాడు నాకు చెప్పిందే. నేను కలిపింది చిటికెడు.

ఓ నెల బాగానే నడిచింది. ఆ తర్వాత పీడ పట్టుకుంది.

రోజూ రాత్రి ఒకటీ నలభైకి నెట్టు ఆగిపోయేది. ఇక తెల్లవార్లూ చచ్చినట్టు పడుండేది. తెల్లారి గంగరాజు వెళ్ళి ఆపి మళ్ళీ వేస్తే, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది.

"జగన్నాధం మేలుకున్నాడర్రా," అంది వీధి. నేనే అన్నానని గిట్టనివాళ్ళంటారు.

మిగతావాళ్ళకి అది కబురు. దాలమ్మ కూతురు దేవికి మాత్రం ప్రాణసంకటం.

దాలమ్మ సంతలో చేపలమ్ముతుంది. దేవి పురిటికి పుట్టింటికి వచ్చింది. మొగుడు చినబాబు గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద. కొడుకు పుట్టి ఇరవై రోజులైంది, తండ్రి ఇంకా మొహం చూడలేదు. బోటు ఆ రాత్రి ఒకటిన్నర దాటాక గట్టుకొస్తుంది. చేపలు దించి, ఐసు నింపి, మూడింటికి మళ్ళీ సముద్రం మీదికి. వెళ్తే నెల్లాళ్ళు. కిందటేడు అలా వెళ్ళిన బోటొకటి ఇంకా రాలేదు. మా వీధిలో సెల్లు సిగ్నలు కావాలంటే కొబ్బరిచెట్టెక్కాలి. అది బాలింత ఎక్కుతుందా?

దేవి సాయంత్రమే గంగరాజు గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఈ ఒక్క రేతిరీ నెట్టు ఆగకుండా సూడు. ఆడు పిల్లడి మొగం సూసి ఎల్తాడు. మళ్ళీ ఏటవుతాదో..."

గంగరాజు కాదనలేకపోయాడు.

పన్నెండు దాటాక లాప్‌టాపు పట్టుకుని కాటా గదిలోకి వెళ్ళాడు. తలుపేసుకున్నాడు. పెట్టెని పరీక్షించాడు. దానికీ మెమరీ ఉంటుందట, పలకలాంటిది. దగ్గరికొచ్చిన ప్రతి ఫోను పేరూ దాని మీద రాసుకుంటుంది. పలక నిండితే ఇక ఒళ్ళు తెలియదు.

నూటికి డెబ్బై వంతులు ఖాళీ ఉంది. ఏ లోపమూ లేదు. గంగరాజు బీడీ తీశాడు...

ఒకటీ ముప్పై ఎనిమిది.

తెర మీద ఒక పేరు పడింది. బిశ్వజిత్.

మా వీధిలో బిశ్వజిత్ ఎవడు?

ఇంకోటి. సుచిత్ర. ఇంకోటి. మహాపాత్రో. అయిదు... యాభై... మూడొందలు! ఒక్కటీ ఈ ఊరి పేరు కాదు. ఎవరో పక్కన కూర్చుని రాస్తున్నట్టు, వరసగా, ఆగకుండా...

ఖాళీ నలభైకి దిగింది. పది. మూడు.

పెట్టె దీపాలు ఆరిపోయాయి.

ఆపి మళ్ళీ వేశాడు. అవే పేర్లు. మళ్ళీ నిండింది. మూడోసారీ అంతే. చొక్కా పిండితే బిందెడు చెమట!

అప్పుడు వినబడింది... మేకులు కొట్టిన కిటికీ అవతల గుసగుసలు. ఒకరు కాదు. వందల మంది. ఎవరో దగ్గారు. ఎక్కడో పసిబిడ్డ కేర్‌మంది.

పారిపోదామని తలుపు గొళ్ళెం తీశాడు. ఆ ఏడుపు వినగానే దేవి కళ్ళముందు నిలబడింది. రెండయింది. ఇంకో గంట...

వెనక్కి వచ్చాడు. స్క్రూడ్రైవరు పెట్టి మేకులు పెకలించాడు. కళ్ళు మూసుకుని కిటికీ తోశాడు. కళ్ళు తెరిచాడు.

మొహాలు!

చీకట్లో నీలం మొహాలు. మొండెం లేదు, కాళ్ళు లేవు. కంటికానినంత దూరం వరసగా... అన్నీ తలలు దించుకుని... దగ్గర్లో ఉన్నది మెల్లగా తలెత్తింది.

"భయ్యా... వైఫై చలా గయా క్యా?" అంది. వైఫై పోయిందా అని!

గంగరాజు కూలబడ్డాడు.

రైలు! దీపాలార్పిన రైలు. ఆ నెల లైను పనులని, ఎదురుబండి దాటేదాకా దాన్ని రోజూ అక్కడే ఆపుతున్నారు. ఊసుపోక జనమంతా ఫోన్లు చూసుకుంటున్నారు. మా వీధిలో పుట్టినవాళ్ళకి రైలు చప్పుడు చెవినెక్కదు లెండి. నాకైతే రైలు లేని ఊళ్ళో నిద్రే పట్టదు.

మరి ఆ ఫోన్లు మన పెట్టెనెందుకు పట్టుకున్నాయి? యజమాని తెలివి! పెద్ద స్టేషన్లలో ఉచిత వైఫైకి ఏ పేరుందో, జనం ఎగబడతారని అదే పేరు పెట్టాడు. పాస్‌వర్డు లోపలికొచ్చాక అడుగుతుంది గానీ, ఆ పేరెరిగిన ఫోన్లన్నీ పాత చుట్టమే కదా అని వాటంతటవే గుమ్మంలోకి వచ్చేశాయి.

గంగరాజు చకచకా పేరు మార్చేశాడు. "మీనాక్షి" అని పెట్టాడు. పెళ్ళాం పేరు కాదు, అడక్కండి. పెట్టె ఆపి వేశాడు. పలక ఖాళీగా నిలిచింది. అప్పుడు గుర్తొచ్చింది, దేవి ఫోనుకీ ఈ కొత్త పేరు తెలియదని.

పరిగెత్తాడు. చెప్పులు ఒడిశాలో పడ్డాయి.

"దేవీ! తలుపు తియ్యి!"

లోపల్నుంచి దాలమ్మ గొంతు వణికింది. "పలక్కే దేవీ... జగన్నాధం నీ పేరు రాసుకోడానికొచ్చాడు!"

"నేనే అత్తా, గంగరాజుని!"

"దెయ్యాలూ అలాగే సెప్తాయి. పో!"

రెండూ నలభై. గంగరాజుకి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తల్లిని పక్కకి నెట్టి, దేవే గడియ తీసింది. "దెయ్యమైనా రానియ్యే అమ్మా, నెట్టు తెస్తే సాలు."

గంగరాజు ఫోనుకి కొత్త పేరు కలిపితే, రెండూ యాభైకి చినబాబు తెర మీదికొచ్చాడు. వెనక బోటింజను దడదడలాడుతోంది, ఎవరో రమ్మని కేకలేస్తున్నారు. కొడుకుని చూశాడు. పిల్లాడేమో ఆదమరిచి నిద్ర.

"దేవీ... గొంతు కూడా ఇననీ. ఓసారి గిల్లు."

"ఏటి, పసిగుడ్డునా!" అని దాలమ్మ కసిరింది.

దేవి ఒక్క క్షణం తటపటాయించి, కళ్ళు తుడుచుకుని, పాదం మీద గిల్లింది.

ఆ పిల్లాడు పెట్టిన ఏడుపు టెక్కలి దాకా వినబడింది. ఆ వేళప్పుడు ఆ గొంతేమిటోనని వీధి వీధంతా గడియలు బిగించుకుంది. నేను మంచం కింద దూరాను.

అవతల వేరావల్ గట్టు మీద ఒక్క మనిషి మాత్రం, బోటు తాడు విప్పేస్తున్నా కదలకుండా, "ఇంకోసారి గిల్లవే... ఇంకొక్కసారి..." అని బతిమాలుతున్నాడట.