తాళం వెనకాల నడిచే గొంతు

"ఇది పాడిందెవరు?"

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ అడిగింది ఆమె.

"మీరేనండీ," అన్నాడు సౌండ్ ఇంజనీర్, మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తూ.

"నేను కాదు. నా గొంతు అరువు తెచ్చుకుని ఎవరో బుద్ధిమంతురాలు పాడింది."

అతనికి నవ్వాలో బాధపడాలో తెలియలేదు. స్టూడియోలో అందరూ అతన్ని స్కేలు అంటారు. ఎవరి పాట ఎక్కడ వంకర పోయినా కంప్యూటర్‌లో గీత గీసినట్టు సరిచేస్తాడని ఆ పేరు. అతను మాత్రం దాన్ని బిరుదులాగే మోస్తున్నాడు.

"మీ ప్రతి మాటా తాళం కంటే కాస్త వెనక పడిందండీ. జరిపి సరిగ్గా దెబ్బ మీద కూర్చోబెట్టాను. ఊపిరి పీల్చిన చప్పుళ్లు కూడా తీసేశాను."

"వెనక పడటం కాదు మహానుభావా, వెనక నడవటం! ఫంక్ సంగీతమంటేనే అది. తాళం ముందు పోతుంటే మనం తీరిగ్గా, కాస్త టెక్కుగా వెనకాల నడవాలి. ఇక గుండెలోంచి పాడే సోల్ పాటలో ఊపిరే లేకపోతే మిగిలేదేముంది? పాతది పెట్టండి."

అతని మొహం పాలిపోయింది.

"పాతది లేదండీ. కాపీ అనుకుని అసలు దాని మీదే పని చేశాను. డ్రమ్స్ కూడా అలాగే సరిచేసి, సేవ్ చేసేశాను."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె కుర్చీలో కూలబడి కిటికీ వైపు తిరిగింది. బయట అప్పుడే వాన మొదలైంది.

అది ఆమె మొదటి సోలో ఆల్బమ్. అన్నయ్యకు ఒక బ్యాండ్ ఉంది, అందులో డ్రమ్స్ కూడా అతనే. గొంతు విచ్చుకున్నప్పటి నుంచీ ఆమె ఆ బ్యాండ్‌లో వెనక వరసలో నిలబడి కోరస్ పాడింది. సొంతంగా ఆల్బమ్ చేస్తానంటే అన్నయ్య నవ్వాడు. "గుంపులో గోవింద పాడేదానివి, ఒక్కదానివే మోస్తావటే?" అన్నాడు. ఆ మాటతో బయటికొచ్చేసింది. ఇప్పుడు పోయింది ఆల్బమ్‌లో చివరి పాట; అది ఒక్క డ్రమ్స్‌తో, ఒక్క గొంతుతో సాగుతుంది. అన్నయ్య చేతుల్ని తలుచుకుంటూనే కట్టుకున్న పాట అది. అమ్మ బతిమాలితే ఒక్కసారి వచ్చి వాయించి, చెల్లెలి మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

"ఆ పాట లేకపోతే ఆల్బమ్ లేదు," అంది మెల్లగా. "మిగతావన్నీ దాని దగ్గరికెళ్లే మెట్లు."

"మళ్లీ వాయించమని మీ అన్నయ్యని నేను అడుగుతాను."

"మిమ్మల్నే డ్రమ్ముగా పెట్టుకుని వాయిస్తాడు."

"తప్పు నాది. వాయించుకోనివ్వండి."

అంత దిగులులోనూ ఆమె పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది.

అన్నయ్య దగ్గరికి బయల్దేరారు. ఇద్దరికీ ఒకటే గొడుగు. అతనిది పరుగులాంటి నడక. ఆమెది పాటలాంటి నడక. గొడుగు అతనితో పాటు ముందుకెళ్లిపోవడం, ఆమె నెత్తిన వాన పడటం.

"స్కేలు గారూ, గొడుగునైనా నా వెంట రానివ్వండి."

అతను నడక తగ్గించాడు. తగ్గించాక తెలిసింది, ఇన్నాళ్లూ వాన చప్పుడు ఎప్పుడూ సరిగ్గా వినలేదని.

మేడ మీది రిహార్సల్ గదిలో అన్నయ్య డ్రమ్ము తోలు బిగిస్తున్నాడు.

"నువ్వు ఆ స్టూడియో అబ్బాయివి కదూ?"

"మీరు వాయించిన పాటని పాడుచేసినవాణ్ణండీ." జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు.

"సరిచేశావా? దాని గొంతుని?" అన్నయ్య కళ్లు పెద్దవి చేశాడు. "చిన్నప్పుడు నేనూ అంతే. తాళం తప్పుతోందని మొట్టికాయలు వేసేవాణ్ణి. అది తప్పటం కాదు, తాళంతో ఆడుకుంటోందని తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి."

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు అంది, "ఆ మాట నాకెప్పుడైనా చెప్పావా?"

అన్నయ్య మళ్లీ తోలు మీదికి వంగాడు. "చెబితే వెళ్లిపోతావని భయం." ఇంకో మర బిగించి, "చెప్పకపోయినా వెళ్లావుగా," అన్నాడు.

డ్రమ్ము కర్రలు చంకన పెట్టుకుని లేచాడు. "పదండి. వాన తగ్గేలా లేదు."

స్టూడియోలో మామూలు పద్ధతి ప్రకారం అన్నయ్యని ఒక అద్దాల గదిలో, ఆమెని ఇంకో గదిలో కూర్చోబెట్టి, ఇద్దరి చెవుల్లోనూ తాళం తప్పకుండా గడియారంలా టిక్ టిక్ మోగే చప్పుడు పెట్టాడు ఇంజనీర్. పాట మొదలైంది. ఇద్దరూ పరీక్ష రాస్తున్నట్టు పాడారు, వాయించారు.

అతను ఆపేశాడు. "ఇద్దరూ ఒకే గదిలోకి రండి. టిక్ టిక్ తీసేస్తున్నాను."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "డ్రమ్స్ మోత నా మైకులో పడుతుంది. తర్వాత ఒక్క మాట కూడా జరపలేరు."

"జరపను."

"తప్పు పోతే?"

"పోనివ్వండి."

ఆ చూపు ఇంకాస్తసేపు అతని మీదే ఉంది.

అన్నయ్య కొట్టాడు. ఆమె వెంటనే అందుకోలేదు. దెబ్బని కాస్త ముందుకి పోనిచ్చి, 'వస్తాలే, తొందరేముంది' అన్నట్టు వెనకాల మెల్లగా అడుగు పెట్టింది. కిందనుంచి ఊపిరి తోడుకున్న చప్పుడు, దాని మీంచి లేచిన గొంతు, ఆ గొంతు అంచున సన్నటి గరుకు. అన్నయ్య తలెత్తి చెల్లెల్ని చూశాడు. ఇక చూపు తిప్పలేదు. ఆమె ఎంత ఆలస్యంగా వచ్చినా అతని చేయి అక్కడే ఉంది. పడిపోనివ్వదని ఆమెకి తెలుసు. తెలిసింది కాబట్టే అంత ధైర్యంగా ఆలస్యం చేస్తోంది.

రికార్డింగ్ మొదలుపెట్టి వచ్చి అదే గదిలో మైకు తీగల మధ్య నేల మీద కూర్చున్న ఇంజనీర్‌కి అది అప్పుడు అర్థమైంది. ఇలాంటి గొంతునా తను గీత మీద నిలబెట్టింది!

పాట ముగిసింది. ఆఖరి సింబల్ మోగింది. ఆ ఇత్తడి పళ్లెం మోత పూర్తిగా ఆరేదాకా గదిలో ఎవరూ కదలకూడదు. ఆ మాట అందరికీ చెప్పేది అతనే.

మోత ఇంకా గాల్లో సన్నగా తిరుగుతుండగానే, "అబ్బ, మీరంటే నాకెంత ఇష్టమో!" అని వినపడింది.

అన్నది తనేనని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

అన్నయ్య సింబల్‌ని చేత్తో పట్టుకుని ఆపి, పగలబడి నవ్వాడు. "ఏమయ్యా, ఇంత ఖరీదైన తప్పు మా బ్యాండ్‌లో కూడా ఎవడూ చేయలేదు! ఏమే, మళ్లీ పాడు. నువ్వు ఎన్నిసార్లంటే అన్నిసార్లు కొడతాను. ఈయన్ని బయటికి పంపి గొళ్లెం పెడదాం."

"క్షమించండి," అన్నాడు ఇంజనీర్, తల వంచుకుని. "బంగారంలాంటి పాట. చివర కోస్తే తప్ప ఆ మాట పోదు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. మైకు దగ్గరనుంచి జరగలేదు.

"కోయొద్దు. ఉండనీ."

"అందరూ వింటారండీ!"

"విననీ. నా ఆల్బమ్‌లో ఏముండాలో నా ఇష్టం." ఆ 'నా ఇష్టం' అన్నప్పుడు ఆమె చూసింది అతన్నే.

అన్నయ్య వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, కర్రలు సంచిలో పెట్టుకున్నాడు.

"సరే, బాగుంది. మరి అమ్మకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్పడం దేనికన్నయ్యా? పాట పెట్టి చివరిదాకా వినమను."