కత్తిరించని వైర్లు

“విని వచ్చేయాల, అంతే. లైన్లోకి నువ్వు ఒక్క అక్షరం కూడా పంపొద్దప్పా,” అన్నాడు వెంకటరాయప్ప.

హొసకోటెలో ఆయనకు తూకం మిషన్లు రిపేరు చేసే షాపు ఉంది. ఆ షాపు వెనక గదే మన గూఢచారి శాఖ స్థానిక ఆఫీసు. ఎదురుగా ఏజెంట్ గిరిధర్, ఏసీ మెకానిక్ యూనిఫాంలో. పక్కన సమీనా, చెవులకు ముత్యాల కమ్మలతో. ఎడమ కమ్మలో మైక్ ఉంది. విదేశీ ముఠాకు ఆమె నమ్మకమైన సెక్రటరీ. శాఖకు డబుల్ ఏజెంట్.

బ్రీఫింగ్ చిన్నదే. ఎలక్ట్రానిక్ సిటీలో అభిజిత్ అనేవాడి ఎక్స్‌పోర్ట్ ఆఫీసు. అతని టేబుల్ మీద కోడింగ్ బాక్స్. దాని సీరియల్ కేబుల్ గోడ దాటి, పక్క గదిలో, డేటాను ఫోన్ లైన్లోకి పంపే మోడెమ్‌కు వెళ్తుంది. మన ఉపగ్రహాన్ని తిప్పే కమాండ్ కోడ్లు ఈ మధ్యాహ్నం ఆ దారినే దేశం దాటబోతున్నాయి. ముందు అవతలి ఏజెంటు పేరు వస్తుంది, తర్వాత కోడ్లు పోతాయి. పేరు రాగానే గిరిధర్ రేడియోలో చెప్పాలి. కోడ్లు కదిలేలోపు మనవాళ్లు తలుపు విరగ్గొడతారు.

“వినడానికి నీ లాప్‌టాప్ కేబుల్లో రెండు వైర్లు చాలు గిరిధర్,” అంది సమీనా. “మిగతావి కట్ చేసెయ్. లేకపోతే నీ ప్రోగ్రాం పోర్ట్ ఓపెన్ చేయగానే బాక్స్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. ఆ లైట్ ముందు కూర్చునేది నేను.”

“తెలుసు,” అన్నాడు గిరిధర్.

తెలుసు. అదే తర్వాత అతన్ని తొలిచింది.

మోడెమ్ గదిలో కట్టర్ చేతిలోకి తీసుకున్నాడు. ఫ్లాస్కులో టీ ఉంటే తాగాడు. నిదానంగా, అడుగుదాకా. కట్టర్ మళ్లీ సంచిలో పెట్టేశాడు. టైం లేదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట కింద ఇంకో మాట కదిలింది: లైట్ వెలిగితే ఆమె ఎవరి మనిషో తేలిపోతుంది. ఆ మాటను పూర్తి కానివ్వలేదు. ఒక్క వైరూ కత్తిరించకుండా తన కేబుల్‌ను లైన్‌కు కలిపి, లాప్‌టాప్‌కు గుచ్చి ప్రోగ్రాం నడిపాడు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అభిజిత్ గొంతు పలికింది. “ఈ లైటేంటి?”

“వానొస్తోంది కద సార్. మొన్న కూడా ఇట్లే వెలిగింది.”

“మొన్న నేను చూళ్లేదే.”

“మొన్న మీరు ఆఫీసుకు వస్తే కద సార్ చూసేది.”

డ్రాయర్ లాగిన చప్పుడు, ఆ వెంటనే సన్నని క్లిక్. పిస్టల్ సేఫ్టీ తీసిన శబ్దం గిరిధర్‌కు బాగా తెలుసు.

“లైన్ మీద ఎవరో ఉన్నారు. మోడెమ్ గది తాళం నీ దగ్గరే కదా సమీనా. డేటా పోనీ, తర్వాత మాట్లాడుకుందాం. కదలకు.”

ఆమె బతకడానికి ఒక్క మాట చాలు: గదిలో ఏసీ మెకానిక్ ఉన్నాడు. గిరిధర్ ఆ మాట కోసం విన్నాడు. ఆమె అనలేదు.

స్క్రీన్ మీద అవతలి ఏజెంటు పేరు అక్షరం తర్వాత అక్షరం పడింది. రేడియోలో చెప్తే తలుపు విరుగుతుంది, అంతకు ముందే ఆమె తల పగులుతుంది. చెప్పకపోతే కోడ్లు పోతాయి. రెంటికీ కారణం తన సంచిలో భద్రంగా ఉన్న కట్టరే.

రెండో విండో తెరిచాడు. సి భాషలో చిన్న ప్రోగ్రాం, నాలుగే వరుసలు: పోర్ట్ తెరువు, రాయి, మూసెయ్, పో. రాయవలసింది, ఫోన్ లైన్ తెగినప్పుడు మోడెమ్ బాక్స్‌కు పంపే మాట: నో క్యారియర్, అంటే లైన్ లేదని. కంపైల్ చేశాడు. ఒక చేత్తో మోడెమ్ కరెంటు ప్లగ్ పీకి, రెండో చేత్తో ఎంటర్ నొక్కాడు.

ఏమీ కాలేదు. చివర ఎంటర్ గుర్తు పంపలేదు. మాట పూర్తయిందని బాక్స్‌కు తెలియలేదు. అది చేర్చి మళ్లీ నడిపాడు. వినే ప్రోగ్రాం కూడా ఆపేశాడు. బాక్స్ మీది లైట్ ఆరిపోయింది.

“లైన్ పోయింది,” అన్నాడు అభిజిత్. “కోడ్లు మొదలవ్వనే లేదు. చినుకు పడితే చాలు, ఈ ఊళ్లో ఫోన్లు చస్తాయి.”

“చెప్పినా కద సార్. కింద ఫోన్ బూత్ నుంచి కంప్లైంట్ ఇవ్వండి.”

డ్రాయర్ మూసుకుంది. అతను కిందికి వస్తున్నాడని, అవతలి ఏజెంటు పేరుతో సహా, గిరిధర్ రేడియోలో చెప్పాడు. అభిజిత్ లిఫ్ట్ ఎక్కాడు. అందులో మనవాళ్లున్నారు.

వ్యాన్‌లో వెంకటరాయప్ప గిరిధర్ భుజం తట్టాడు. “లైన్లోకి రాయొద్దంటే రాసినావు, పోనీలే. అన్ని వైర్లూ ఉంచుకున్నావు చూడు, తెలివంటే అదీ. వినే రెండే ఉండింటే ఎట్లా రాసేవాడివప్పా? ఈ పిల్ల ఏమయ్యుండేది?”

ఆయన టీకి దిగాక సమీనా కమ్మలు తీస్తూ అడిగింది. “కత్తిరించడానికి టైం లేదా?”

అవునంటే సరిపోయేది.

“ఉంది,” అన్నాడు గిరిధర్. “నువ్వెవరి మనిషివో చూద్దామనుకున్నాను.”

ఆమె రెండో కమ్మ కూడా తీసింది. “చూశావుగా. ఇంక ఆ ముఖమెందుకు?”

రిపోర్టులో అతను జరిగింది జరిగినట్టే రాశాడు. మరీ వినయం పనికిరాదని వెంకటరాయప్ప ఆ పేరా కొట్టేశాడు. తర్వాత శాఖ నుంచి సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట ఏ ఏజెంటూ వైర్లు కత్తిరించరాదు, ఏజెంట్ గిరిధర్ ముందుచూపు అందరికీ ఆదర్శం.

అందినట్టు మొదటి సంతకం సమీనాది. తర్వాత ఆమె పెన్ను అతని చేతికిచ్చింది.